స్టిక్‌లు వదిలేసినా డ్రోన్ ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: కోనసీమలో కాలువ గట్టు మీద మా తమ్ముడు సైకిల్ తొక్కుతుండగా, డ్రోన్‌ను ఆటోమేటిక్ ట్రాకింగ్‌లో పెట్టి పక్క నుంచి వీడియో తీశాను. అది కొబ్బరి చెట్ల వైపు వెళ్తోందని కంగారుపడి రిమోట్ మీద డ్రోన్‌ను నడిపే రెండు స్టిక్‌లూ వదిలేశాను. అయినా ఆగకుండా మట్టల్లోకి దూసుకుపోయి పడింది; రెక్కలు విరిగాయి. దానికి ముందు, వెనుక, కింద అడ్డంకులను పసిగట్టే సెన్సర్లున్నాయి. ఇది డ్రోన్ లోపమేనా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి లోపంలా కనిపించడం లేదు. మామూలుగా ఎగరేసేటప్పుడు స్టిక్‌లు వదిలితే డ్రోన్ ఉన్నచోటే నిలుస్తుంది కాబట్టి, ప్రమాదం ఎదురైతే చేతులు తీసేయడం మనకు అలవాటైపోతుంది. ట్రాకింగ్‌లో మాత్రం దానికి అందిన ఆజ్ఞ మీ తమ్ముణ్ణి వెంబడించమని; స్టిక్‌లు వదిలినా ఆ పని సాగుతూనే ఉంటుంది. ఆపాలంటే రిమోట్ మీది పాజ్ బటన్ నొక్కాలి. ట్రాకింగ్ మొదలుపెట్టే ముందే వేలు ఆ బటన్ దగ్గర ఉండాలి, ఎందుకంటే సైకిల్ గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు 5 మీటర్లు కదులుతుంది. కొబ్బరి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య సాధారణంగా ఉండే ఏడున్నర మీటర్లు దాటడానికి పట్టేది సెకనున్నరే. బటన్ కోసం వెతుక్కునేంత వ్యవధి మీకు ఉండదు.

ఇక సెన్సర్ల సంగతి. పక్కగా ఎగురుతున్న మీ డ్రోన్‌కు పక్కల సెన్సర్లు లేవు, అంటే వెళ్తున్న దిక్కును అది చూడనేలేదు. ఉన్నా, సన్నని మట్టల కొసలనూ కరెంటు తీగలనూ అవి పసిగడతాయని నమ్మకూడదు. చెట్టు చాటుకు వెళ్లిన మనిషి బదులు ట్రాకింగ్ మరొకరిని పట్టుకోవడమూ జరుగుతుంది, ముఖ్యంగా ఎండా నీడా గళ్లుగళ్లుగా పడే చోట.

మళ్లీ తీయాలనుకుంటే పక్క నుంచి కాక, గట్టు బాట మీదుగానే వెనుక నుంచి వెంబడించేలా పెట్టండి. ముందు సెన్సర్లకు దారి కనిపిస్తుంది. నా మాటగా అయితే, కొబ్బరి చెట్ల మధ్య పూర్తి ట్రాకింగ్ అసలు వాడను. కెమెరాను మాత్రమే మనిషి వైపు తిప్పి ఉంచే పద్ధతి మీ డ్రోన్‌లో ఉంటే దాన్ని ఎంచుకుని, నడపడం మీ చేతుల్లోనే పెట్టుకోండి. మొదట సైకిల్ లేకుండా ఒకసారి ఆ దారంతా నెమ్మదిగా ఎగరేసి, తీగలు ఎక్కడ అడ్డొస్తాయో చూసుకోండి. విరిగిన రెక్కలను అతికించి వాడకండి, కొత్తవి వేయించండి.