‘వారు వెళ్లిపోయారు’ అని రాశారు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది నరసరావుపేట దగ్గరి పల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాకు ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా ఇష్టం కలుగుతుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడేళ్లు నాతో దగ్గరగా ఉన్న ఒకరు దసరాకు ముందు వెళ్లిపోయారు. వారికి ఇంట్లో పెళ్లి చేశారు. అప్పటినుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం సహించడం లేదు. రోజూ తాగుతున్నాను. ఒక్కోసారి నేను లేకపోతే బాగుండుననిపిస్తుంది. ఒక డాక్టరు గారికి చెబితే, ఆడవాళ్లూ ఇష్టమే కదా, పెళ్లి చేసుకుంటే అన్నీ సర్దుకుంటాయన్నారు. ఇక్కడి గే మిత్రులు నన్ను గోడ మీద పిల్లి అంటారు. అమ్మ మాఘమాసంలో ముహూర్తం పెట్టించాలని ఫొటో, జాతకం అడుగుతోంది. పంపమంటారా?

జవాబు: ఫొటో సంగతి చివర చెబుతాను. మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన మాట ఒకటుంది, లేకపోతే బాగుండుననిపిస్తుందని. ముందు దాని దగ్గర ఆగాలి. ఆ తలపు వచ్చి పోతోందా, లేక ఎప్పుడు, ఎలా అన్నంతదాకా సాగుతోందా అని మిమ్మల్ని మీరు అడిగి చూడండి. సాగుతోందంటే ఈ జవాబును ఇక్కడే ఆపి 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ నంబరు అది. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్యశాల అత్యవసర విభాగానికి అర్ధరాత్రి వెళ్లినా చూస్తారు. అలాంటి రాత్రి గదిలో ఒక్కరే ఉండకండి. పక్కగది స్నేహితుణ్ని, కారణమేమీ చెప్పకుండానే, ఈ రాత్రికి ఇక్కడ పడుకోమని అడగవచ్చు. మనవాళ్లు అలాంటప్పుడు ఎందుకని పెద్దగా ఆరా తీయరు.

ఇక మీ ఉత్తరం గురించి. దగ్గరగా ఉన్న ‘ఒకరు’ ‘వెళ్లిపోయారు’, ‘వారికి’ పెళ్లి చేశారు అని రాశారు. ఆ మనిషి మగవాడని నేను అనుకుంటున్నాను, పొరపాటైతే మన్నించండి. తెలుగులో ‘తను’ అని సర్వనామాన్ని దాచుకోవచ్చు గాని క్రియ దగ్గర దొరికిపోతాం, వెళ్లాడనో వెళ్లిందనో తేల్చి చెప్పక తప్పదు. అందుకే నా దగ్గరకు వచ్చే తెలుగు యువకులు చాలామంది తాము ప్రేమించిన మనిషిని గౌరవవాచకం చాటున నిలబెట్టి మాట్లాడతారు, మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు నోరు జారి ‘వచ్చాడు’ అంటారు, అంతవరకూ నిద్ర గురించీ ఆఫీసు గురించీ చెప్పినవాళ్లు అప్పుడు ఏడుస్తారు. మీ అసలు విషయం నాకు ముందే చెప్పేశారు, పైగా నేను మీకు తెలిసినదాన్ని కూడా కాను. అయినా నాకు రాసిన ఉత్తరంలో కూడా అతణ్ని దాచారంటే, రోజూ ఆఫీసులోనూ ఫోనులోనూ ఎంత దాస్తున్నారో ఊహించగలను. మాట బయటికి రాకముందే లోపల ఒకసారి సరిచూసుకోవడం, ఫోను తెర కిందికి తిప్పి పెట్టుకోవడం, సెలవుల్లో ఎక్కడికి వెళ్లావంటే సగం నిజం చెప్పడం ఏళ్ల తరబడి చేస్తే మనసు అలసిపోతుంది. గే పురుషులలోనూ, మీలా ఆడా మగా ఇద్దరిమీదా ఇష్టం కలిగే బైసెక్సువల్ పురుషులలోనూ డిప్రెషన్, ఆందోళన మిగతావారికంటే ఎక్కువగా కనిపించడానికి మూలం వారి ఇష్టంలో లేదని, వెలి, వెక్కిరింత, దాపరికం కలిసి తెచ్చే ఈ ఒత్తిడిలో ఉందని ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో వివరంగా రాశాడు.

మీ విషయంలో దానికి తోడు ఒక వియోగం కూడా ఉంది. భార్యాభర్తలు విడిపోతే పెద్దమనుషులు వచ్చి కూర్చుంటారు, అక్కచెల్లెళ్లు వచ్చి నాలుగు రోజులు వండిపెడతారు. మూడేళ్ల సహచరుడు ఇంకొకరి మెడలో తాళి కట్టినప్పుడు మీ దగ్గరకు పరామర్శకు ఒక్కరూ రాలేదు. మర్నాడు ఉదయం మీటింగులో కూర్చున్నారు. వేకువనే తెగిపోయే నిద్ర, సహించని అన్నం, చావు తలపు నెలల తరబడి ఉంటే దాన్ని డిప్రెషన్‌గానే చూసి వైద్యం చేయించాలి.

ఆ డాక్టరు గారు చెప్పినదానితో నేను ఏకీభవించను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను రోగాల జాబితానుంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది రుగ్మత కాదని ప్రకటించింది. మద్రాసు హైకోర్టు ఆదేశాల దరిమిలా జాతీయ వైద్య కమిషన్ 2022లో, లైంగికతను మారుస్తామంటూ చేసే చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించాలంది. పెళ్లిని మందుగా రాసి ఇచ్చేవారికి, ఆ మందు ఒక అమ్మాయి అనీ, ఆమెకూ నిద్రా ఆకలీ ఉంటాయనీ గుర్తుకు రాకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మరో డాక్టరును చూడండి. మొదటిసారి వెళ్లినప్పుడే, నేను బైసెక్సువల్‌ని, దాన్ని మార్చుకోవడానికి రాలేదు, నిద్రకూ దిగులుకూ వచ్చాను అని చెప్పండి. ఆ మాటకు ఆయన ముఖంలో కనిపించే స్పందనే చాలా చెబుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం లైంగికత కారణంగా చికిత్సలో వివక్ష చూపకూడదు, మీ వివరాలను గోప్యంగా ఉంచాలి. అమ్మకో ఆఫీసుకో చెబుతారని భయపడి ఆగిపోకండి.

మాత్రలు రాస్తే, వాటి గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గిందనిపించగానే మానేయకండి. ఇంకో సంగతి చాలామంది డాక్టర్లు చెప్పడం మరచిపోతారు. ఈ మాత్రలలో కొన్ని కామవాంఛను తగ్గిస్తాయి. ఒక అబ్బాయి దాన్ని చూసి తన ‘సమస్య’ పోయిందనుకొని సంబంధానికి ఒప్పుకోబోయాడు. అది మందు ప్రభావమే, డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. మద్యం మాటకొస్తే, తొలిజామున నిద్ర తెస్తుంది, తర్వాత అదే నిద్రను చెడగొడుతుంది. మీ మూడింటి మెలకువలో దానికీ వాటా ఉంది. కాని ఇన్నాళ్లు రోజూ తాగి ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, మూర్ఛ వంటివి రావచ్చు గనుక డాక్టరుకు ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పి, ఆయన చెప్పిన తీరులో తగ్గించండి.

గోడ మీద పిల్లి అన్న మాట మిమ్మల్ని ఎంత గుచ్చిందో తెలుస్తూనే ఉంది. ఊళ్లో అందరితో పాటు ఉండలేరు, ఇక్కడ తనవాళ్లనుకున్నవారు సగమే నమ్ముతారు. బైసెక్సువల్ పురుషులకు రెండు వైపులనుంచీ పడే ఈ దెబ్బ గురించి గే పురుషులు కూడా పెద్దగా మాట్లాడరు. గే, బైసెక్సువల్ వారికి తోడుగా 1994లో మొదలైన ‘గుడ్ యాజ్ యు’ వంటి బృందాలున్న నగరం ఇది. మిమ్మల్ని ఎగతాళి చేసే నలుగురే బెంగళూరు అనుకోకండి. ఇద్దరిమీదా ఇష్టం కలగడం నిజమే గనుక, మీరు ఒకనాడు ఒక స్త్రీని మనసారా కోరి పెళ్లాడితే అది నటన కాదు. ఆమెకు తాంబూలాలకు ముందే తెలియాలన్నది నా షరతు. చెబితే ఊరంతా పాకుతుందేమోనన్న భయం నిజమైనదే, దానికి నా దగ్గర తేలికైన ఉపాయం లేదు. అందుకే ఆ మాట పెళ్లిచూపుల్లో చెప్పేది కాదు, మనిషి కొంత తెలిశాక, మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడు చెప్పేది.

కాబట్టి ఫొటో ఇప్పుడు పంపవద్దు. రాత్రి ఫోనులో అమ్మతో, ‘నాలుగు నెలలుగా నాకు నిద్ర లేదమ్మా, డాక్టరుకు చూపించుకుంటున్నాను, నయమయ్యేదాకా సంబంధాలు ఆపు’ అనండి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, చెప్పనవసరం లేనిది చెప్పనూ లేదు. ఆమె ఏడవవచ్చు, దిష్టి అనవచ్చు, బస్సెక్కి వచ్చేస్తాననవచ్చు. వస్తానంటే రానివ్వండి, కనీసం అన్నం వండి పెడుతుంది. మిగతాది ఆమెకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, ఆరు నెలల తర్వాత నాకు మళ్లీ రాసినప్పుడు మాట్లాడుకుందాం. ఆ ఉత్తరంలో అతని పేరు అక్కర్లేదు. వెళ్లిపోయాడు అని రాస్తే చాలు.