ఒక్క పంది కోసం అమెరికాల హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాలు నిజంగనే అన్నేండ్లు చంపుకున్నయా?

పంది పంచాయితీ నిజమే గని, పగ అంతకు ముందటిది. నాది దేవరకొండ అవతల చందంపేట గుట్టల దిక్కు. మా ఇంటికీ ఇంకో ఇంటికీ తాతలనాటి పగ ఉండె. అందుకే ఈ అమెరికా కథల తీర్పు ఎవరు చెప్పిండ్రు అన్నదే ముందుగాల చూసిన.

టగ్ ఫోర్క్ అనే ఏటికి వెస్ట్ వర్జీనియా దిక్కు హ్యాట్‌ఫీల్డ్‌లు, కెంటకీ దిక్కు మెకాయ్‌లు. అంతర్యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ఆసా హార్మన్ మెకాయ్‌ని 1865ల చంపిండ్రు. అనుమానం హ్యాట్‌ఫీల్డ్ మనుషుల మీదనే, అయినా ఎవరికీ శిక్ష పడలే. తర్వాత మెకాయ్‌ల దిక్కు మనిషి పెర్రీ క్లైన్‌కున్న 5,000 ఎకరాల కలప అడివి, కోర్టు తగాదాల హ్యాట్‌ఫీల్డ్‌ల పెద్ద డెవిల్ ఆన్స్ పాలైంది. పంది ముచ్చట 1878ది. పంది నాదంటే నాదని మెకాయ్‌ల పెద్ద రాండాల్ఫ్, ఫ్లాయిడ్ హ్యాట్‌ఫీల్డ్ కొట్లాడిండ్రు. తీర్పు చెప్పే జడ్జి కూడా హ్యాట్‌ఫీల్డే! జ్యూరీల ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. మెకాయ్ ఒకాయన అవతలి దిక్కు మొగ్గిండు. హ్యాట్‌ఫీల్డ్ దిక్కు సాక్ష్యం చెప్పిన బిల్ స్టేటన్‌ను 1880ల మెకాయ్‌లు చంపిండ్రు.

మాకాడ తగాదా పొత్తుల బావి కాడి గెట్టు మీద. పంచాయితీ చెప్పిన పెద్దమనిషి ఎదుటోళ్ళకు వియ్యంకుడు. ఆయన చెప్పింది న్యాయమే అయ్యుండొచ్చు, మా తాత చెవికెక్కలే. మాటా మాటా పెరిగి మా చిన్నతాతను పొలంకాడనే నరికిండ్రు. కండ్లార చూసినోళ్ళు కోర్టుల మాకు తెల్వదన్నరు, కేసు కొట్టేసిండ్రు. పగ ముదిరింది అగో అక్కడనే.

మా మేనత్తను తగాదాకు ముందే ఆ ఇంటికిచ్చిండ్రు. బతుకమ్మకు ఊరి ఆడబిడ్డలందరు తల్లిగారింటికొస్తే, ఆమె మా వాకిలి ముంగటకెల్లి తలొంచుకొని పోయేది. నాయినమ్మ సచ్చిపోయినప్పుడు ఆఖరి చూపుకు సుత రానీయలే. ఆ పాపం రెండిండ్ల మొగోళ్ళది. ఆ దేశంల గూడ అంతే: రోజానా మెకాయ్ హ్యాట్‌ఫీల్డ్ పిలగాన్ని నమ్ముకొని పోయింది, వాడేమో ఆమె చుట్టాల పిల్లనే చేసుకుండు. 1888 జనవరి 1న మెకాయ్‌ల ఇంటికి నిప్పుపెట్టినప్పుడు ఆలిఫేర్ అనే ఆడపిల్లను కాల్చి చంపిండ్రు.

ఆగిందెట్లంటే, కేసు ఆ ఏటి ఒడ్డు దాటి పోయినంక. వెస్ట్ వర్జీనియా నుంచి పట్టుకొచ్చిన హ్యాట్‌ఫీల్డ్ దిక్కు నిందితులను కెంటకీలనే విచారించొచ్చని 1888ల అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కొందరికి యావజ్జీవం పడ్డది, ఒకర్ని 1890ల పైక్‌విల్‌ల ఉరి తీసిండ్రు. వాళ్ళ వారసులు శాంతి పత్రం మీద సంతకాలు చేసింది 2003ల.

మా గెట్టు తగాదా కూడ కోర్టు కమిషనర్, సర్వేయర్ వచ్చి, ఇద్దరినీ నిలబెట్టి కొలిచి, రాళ్ళు పాతినంకనే సల్లబడ్డది. ఆ కమిషనర్, సర్వేయర్ ఎవ్వరికీ చుట్టాలు కారు. మేనత్త ఇప్పుడు పండుగకు వస్తది.

మీ ఊళ్ళె ఇసొంటి తగాదా ఉంటే, రక్తం పారకముందే కొలతలు పెట్టించుండ్రి. హత్య కేసు లోక్ అదాలత్‌ల రాజీ కాదు. గెట్టు కేసు అయితది, ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతోని సమానం, దానిమీద అప్పీలు లేదు.