బాప్తిస్మం కువైట్‌లో, భోజనాలు చిత్తూరులో

ప్రశ్న: మాది చిత్తూరు. నేను కువైట్‌లో నర్సును. మావారు అక్కడే ఏసీ మెకానిక్. బాబుకు ఎనిమిదో నెల. మావారిది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. మామగారు పోయి రెండేళ్లయింది. ఆయనా, మావారూ బాప్తిస్మం పొందిన చిత్తూరు చర్చిలోనే బాబుకూ చేయించాలని, సంఘమంతటికీ భోజనాలు పెట్టాలని అత్తమ్మ పట్టు. మా ఇద్దరికీ ఒకేసారి లీవు ఇప్పట్లో దొరికేలా లేదు. శుక్రవారాలు మేం వెళ్లే తెలుగు సంఘంలో ఇక్కడే చేయిద్దామంటే, ‘ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్యనా?’ అని ఏడుస్తోంది. వీడియో కాల్‌లో మన అయ్యగారే (ఊళ్లో పాస్టరుగారే) చేస్తారని ఒకసారి, అక్కడ చేసినా ఊరికొచ్చాక మళ్లీ చేయాలని ఇంకోసారి అంటుంది. తిరుపతిలో మా నాయన వాళ్లది పెంతెకొస్తు సంఘం. పసిబిడ్డ తలమీద నీళ్లు పోస్తే బాప్తిస్మం ఎట్లా అవుతుందని ఆయన కోపం. మావారు నోరు విప్పరు. బిడ్డ వేడుక తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అత్తమ్మ మాట ఉంది, మీ నాయన మాట ఉంది, మీ మాటా ఉంది. మీ ఆయన మాట ఒక్కటే లేదు. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

బాప్తిస్మం కువైట్‌లోనే చేయించండి. లీవు దొరకలేదన్నది దీనికి చిన్న కారణం. చంటిబిడ్డ బాప్తిస్మంలో మాట ఇచ్చేది బిడ్డ కాదు, మీరిద్దరూ. బిడ్డను విశ్వాసంలో పెంచుతామని మీరు ఒప్పుకుంటారు, మేం తోడుంటామని సంఘం ఒప్పుకుంటుంది. వచ్చే నాలుగైదేళ్లు మీ వాణ్ణి ఎత్తుకునేది, సండే స్కూల్లో కూర్చోబెట్టేది, మీకు నైట్ డ్యూటీ పడి మీవారికి జ్వరమొస్తే గంజి కాచి తెచ్చేది ఆ శుక్రవారం సంఘం వాళ్లే కదా. మాట ఇవ్వాల్సింది వాళ్లే. బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలబడే జ్ఞాన తల్లిదండ్రులను కూడా అక్కడే, వారం వారం కళ్ల ముందు కనిపించే వాళ్లలో చూసుకోండి. బంగారు గొలుసు ఎవరు వేస్తారన్నది చూసి ఎంచుకునే అలవాటు మనవాళ్లలో బాగానే ఉంది. మీరు అది చూడకండి.

వీడియో కాల్ మాట వదిలేయండి. నీళ్లు, బిడ్డ, పాస్టరుగారి చేయి ఒకే చోట ఉండాలి. ఫోన్లో అయ్యగారు మాటలు చెబుతుంటే కువైట్‌లో తండ్రి నీళ్లు పోయడానికి మీ అయ్యగారే ఒప్పుకోరు. రెండుసార్లు అన్నదీ కుదరదు. ఒక్కటే బాప్తిస్మమని ఆరాధనలో చెప్పుకునే నైసీయ విశ్వాస ప్రమాణం చెబుతోంది. సీఎస్ఐ గానీ, లూథరన్లు గానీ, కేథలిక్కులు గానీ ఒకసారి సరిగ్గా జరిగినదాన్ని మళ్లీ చేయరు. ఫొటోల కోసం చేసినట్టు నటిద్దామని బంధువుల్లో ఎవరో ఒకరు అంటారు, చూడండి. దానికి మాత్రం తల ఊపకండి.

ఇక అత్తమ్మ. ఆవిడ పట్టుదల చర్చి గోడల గురించి అనుకుంటే మనం పొరపాటు పడినట్టే. ఆవిడ ఎన్ని ఇళ్ల బాప్తిస్మాలకు, ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లి భోంచేసి వచ్చి ఉంటుందో ఆలోచించండి. పెట్టినవాళ్లకు తిరిగి పెట్టకపోతే ఆ ఊళ్లో తలెత్తుకుని తిరగడం కష్టమని ఆ తరం నమ్మకం. మామగారు ఉండుంటే ఆ వాకిట్లో నిలబడి అందరినీ పిలిచేది ఆయన. ఆయన పోయాక ఆ ఇంట్లో జరిగే మొదటి శుభకార్యం ఇదే అయి ఉంటుంది. ఆయన లేకపోయినా మా ఇల్లు నిలబడే ఉందని నలుగురికీ చూపించుకోవాలని ఆవిడకు ఉండదా? మీరు ‘ఇక్కడే చేసేస్తాం, వీడియోలో చూడండి’ అంటే ఆవిడకు వినిపించేది ‘నీ పెద్దరికం అక్కర్లేదు’ అని. అందుకే ఆ ఏడుపు.

కాబట్టి ఆవిడకు చూసే పని కాదు, చేసే పని ఇవ్వండి. కువైట్‌లో ప్రధాన ఆరాధన శుక్రవారమే. మన దగ్గర ఎన్నో సంఘాల్లో అదే రోజు ఉపవాస ప్రార్థన ఉంటుంది. కువైట్ కన్నా మన గడియారం రెండున్నర గంటలు ముందు. మీ ఆరాధన ఉదయం 9 గంటలకైతే చిత్తూరులో పదకొండున్నర. మీ చర్చిలోనూ శుక్రవారం ప్రార్థన ఉంటే ఆ రోజు దాన్ని మీ బాబు పేరున పెట్టించమని, లేకపోతే ఇంట్లోనే ప్రార్థన కూడిక పెట్టమని అయ్యగారిని అడగండి. అక్కడ బిడ్డ తలమీద నీళ్లు పడుతుంటే ఇక్కడ వాళ్ల అవ్వ పక్కన సంఘం మోకరించి ఉంటుంది. ప్రార్థన ముగిసి ఉపవాసం విడిచాక అత్తమ్మ తన చేత్తో వడ్డిస్తుంది. పలావా, సాంబారన్నమా, ఓళిగలు ఉండాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టానికి వదిలేయండి. ఎంతమందికి పెట్టాలన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి. మీరు పంపగలిగింది ఇంత అని మీవారు చెప్పాలి, అప్పు చేయొద్దనీ చెప్పాలి. ఊరు మెచ్చుకునేది ఒక్క పూట, వడ్డీ కట్టేది మీ జీతంలోంచి.

బాబు తెల్లబట్టలు కూడా ఆవిడనే కుట్టించి పంపమనండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో విమానమెక్కే చిత్తూరువాళ్లు ప్రతి నెలా ఎవరో ఒకరు ఉంటారు. ఆరాధనలో చదివే వాక్యం ఆవిడే ఎంచాలి. మామగారికి ఇష్టమైన కీర్తన ఏదో అడిగి అదే పాడించండి. విజిట్ వీసా మీద ఆవిడనే రప్పించగలిగితే అంతకన్నా మంచిది లేదు. కానీ ఆ నిబంధనలు మారుతూ ఉంటాయి, కనుక్కోకుండా మాట ఇవ్వకండి.

‘ముక్కూ మొహం తెలియని వాళ్లు’ అన్న మాటకు ఒక జవాబు ఉంది. చిత్తూరు, మదనపల్లె వైపు సంఘాలు కట్టిన ఆర్కాటు మిషన్‌ను 1853లో స్కడర్ అనే అమెరికా మిషనరీ ఇంటివాళ్లు మొదలుపెట్టారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రి స్థాపించిన అయిడా స్కడర్ ఆ ఇంటి ఆడబిడ్డే. చిత్తూరులో ఆ ఆసుపత్రి పేరు తెలియని మనిషి ఉండదు. ఆ మిషన్ వెనుక ఉన్నది అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి. కువైట్‌లో మిషన్ ఆసుపత్రి నడిపిందీ అదే. కువైట్ సిటీలో ఇవాళ ఎన్నో భాషలవాళ్లు ఆరాధన చేసుకునే నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆ మిషన్ పనిలోంచే పుట్టింది. మీరు వెళ్లేది అక్కడికి కాకపోయినా ఈ సంగతి అత్తమ్మకు చెప్పండి. మనవడు తెలియని గడప తొక్కడం లేదని ఆవిడకు కొంచెం ధైర్యం వస్తుంది.

మీ నాయనది వేరే సంగతి. అది అలక కాదు, నమ్మకం. మారుమనస్సు పొందాకే బాప్తిస్మమని బైబిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చూపిస్తారు ఆయన. ఇంటివాళ్లంతా బాప్తిస్మం పొందారని అదే పుస్తకం పదహారో అధ్యాయం చూపిస్తారు మీ అత్తింటివాళ్లు. పండితులు తేల్చని వాదం మీ వాట్సాప్ గ్రూపులో తేలదు. అక్కడ ఈ చర్చ ఈ రోజే ఆపేయండి. సీఎస్ఐ ఇంటికి మిమ్మల్ని ఇచ్చినప్పుడు రేపు పిల్లలకు ఏ పద్ధతి అన్నది పెద్దవాళ్లు అడిగి ఉండాల్సింది, అడగలేదు. ఇప్పుడు నిర్ణయం మీ ఇద్దరిదే. ‘నాయనా, నువ్వు ఒప్పుకోమని అడగను, బిడ్డ కోసం ప్రార్థన చెయ్యి’ అనండి. బైబిల్లో హన్నా తన కొడుకు సమూయేలును మందిరానికి తీసుకెళ్లి దేవునికి ప్రతిష్ఠించిన ఘట్టం వాళ్ల సంఘాలకు చాలా దగ్గరిది. మీరు ఊరికి వచ్చినప్పుడు తిరుపతిలో ఆయన పాస్టరుగారి చేత బిడ్డకు ఆశీర్వాద ప్రార్థన చేయించుకోండి. అది రెండో బాప్తిస్మం కాదు కాబట్టి అత్తమ్మకూ అభ్యంతరం ఉండనక్కర్లేదు. ఆ రోజుకు మాత్రం ఆవిడను తప్పకుండా పిలవండి.

ఇప్పుడు మీవారు. అమ్మకు చెప్పాల్సింది ఆయనే. మీరు చెబితే కోడలు అడ్డుపడిందన్న మాట ఊరంతా పాకుతుంది, ఆయన చెబితే కొడుకు నిర్ణయం అవుతుంది. నోరు విప్పకపోవడానికి ఆయన కారణం ఆయనకు ఉండొచ్చు. నాన్న లేని చర్చిలో, నాన్న నిలబడ్డ చోట తాను నిలబడడం ఆయనకూ బరువేమో అడిగి చూడండి. అది తెలుసుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించండి, బాబు పడుకున్నాక. ఆ తర్వాత ఆయన ఒంటరిగా ఫోన్ చేయాలి, స్పీకర్ పెట్టకుండా. ‘అమ్మా, బాప్తిస్మం ఇక్కడ చేయిస్తున్నాం, భోజనాలు అక్కడ నువ్వు పెట్టాలి. నాన్న ఉంటే ఎట్లా చేసేవాడో అట్లా చెయ్యి’ అంటే చాలు. ఆవిడ మొదట ఫోన్ పెట్టేస్తుంది. మర్నాడు మళ్లీ చేయమనండి.

ఇంకో రెండు పనులు. విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయించాలి. ఎనిమిదో నెల అంటున్నారు, అయ్యిందో లేదో ఈ వారమే చూసుకోండి. బాప్తిస్మ సర్టిఫికెట్‌లో పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. లీవు దొరికి ఊరికి వచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్ కాపీ అయ్యగారికి ఇచ్చి, మామగారి కుటుంబం కింద బాబు పేరు కూడా సంఘం పుస్తకంలో రాయమని అడగండి. అడగడానికి అత్తమ్మను వెంట తీసుకెళ్లండి, మాట ఆవిడనే మాట్లాడనివ్వండి.