ఫెనిటాయిన్‌తో మిరియాల సారం

ప్రశ్న: మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతున్నాను. పసుపు, మిరియాల సారం కలిపిన క్యాప్సూల్ వేసుకోవచ్చా?

జవాబు: డాక్టరుకు చెప్పకుండా వద్దు. మిరియాల్లోని పైపరిన్ మందులను విచ్ఛిన్నం చేసే కొన్ని ఎంజైములను అణచివేస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఉండాలనే పైపరిన్‌ను ఆ క్యాప్సూల్‌లో కలుపుతారు! కానీ పైపరిన్‌కు మీ మాత్ర, పసుపు అన్న తేడా తెలియదు. ఫెనిటాయిన్ విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ: దాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైములు మామూలు మోతాదుకే దాదాపు నిండిపోతాయి. అందుకే వాటి పని కాస్త మందగించినా రక్తంలో మందు అమాంతం పెరుగుతుంది. తూలడం, మాట ముద్దగా రావడం, కనుగుడ్లు వాటంతటవే అటూ ఇటూ కదలడం, మగత దాని లక్షణాలు. ఇప్పటికే వాడుతుంటే క్యాప్సూల్ ఆపి, డాక్టరును కలిసి రక్తంలో ఫెనిటాయిన్ స్థాయి పరీక్ష చేయించుకోండి. ఫెనిటాయిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి, ఫిట్స్ తిరగబెడతాయి.