4 సెల్స్ రేసు పడవకి మోటార్, బ్యాటరీ ఎంచుకోవడం: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. రేడియోతో నడిపే నీ మోడల్ రేసు పడవకి మూడు మోటార్ల ఫోటోలు పంపి, ‘వీటిలో ఏది ఎక్కువ వేగంగా పోతుంది మామయ్యా’ అని అడిగావు. ఫోటో చూసి చెప్పగలిగేది కాదది. పడవని తోసేది ప్రొపెల్లర్. అది నీళ్ళలో ఎంత బలం అడిగితే అంత ఇవ్వడానికే మోటార్ చూస్తుంది. ఇవ్వలేకపోతే వేడెక్కి మాడుతుంది తప్ప ఆగదు. మోటార్ అడిగిందంతా బ్యాటరీ ఇచ్చుకోవాలి. అందుకని లెక్క బ్యాటరీ దగ్గర మొదలుపెట్టు. మోటార్ చివర్లో కొందువుగాని.

నువ్వు చేరబోయే క్లబ్బు నార్త్ అమెరికన్ మోడల్ బోట్ అసోసియేషన్ నియమాలతో నడుస్తుందన్నావు. అక్కడ ఎలక్ట్రిక్ తరగతుల్ని సెల్స్ సంఖ్యని బట్టి విడదీస్తారు. పి అంటే వరసలో 4 లైపో (లిథియం పాలిమర్) సెల్స్, క్యూ అంటే 6, టి అంటే 10. మొదటి పడవకి పి చాలు. అందులోనే పి లిమిటెడ్ అని ఇంకోటి ఉంది. దానికి నియమాలు ఒప్పుకున్న మోటార్లు మాత్రమే వాడాలి. జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి కొనేముందు క్లబ్బులో ఈ ఏడాది నియమాల పుస్తకం అడిగి చూడు. (యూరప్‌లో నవిగా అనే మోడల్ పడవల సంఘం పోటీల్లో బ్యాటరీ బరువుకే హద్దు పెడతారు. అక్కడివాళ్ళు గ్రాములు లెక్కపెట్టేది అందుకే. అక్కడి సలహాలు చదివి ఇక్కడ పెడితే కుదరదు.)

75 సెం.మీ. పొడవున్న మోనో హల్ (ఒకే తొట్టి ఉన్న పడవ) అనుకుని లెక్క వేద్దాం. హీటుకి (ఒక విడత రేసుకి) ముందు నీళ్ళలో తిరగడం, ల్యాప్‌లు, మళ్ళీ ఒడ్డుకి రావడం అంతా కలిపి 3 నిమిషాలు అనుకో. 5000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్ల) ప్యాక్ తీసుకుంటే అందులో వాడుకోవలసింది 80 శాతం, అంటే 4 ఆంపియర్ అవర్లు. దాన్ని 3 నిమిషాల్లో ఖర్చుపెట్టాలంటే సగటున 80 ఆంపియర్లు. అంతకు మించితే పడవ నీళ్ళ మధ్యలో ఆగిపోతుంది, లేదా ప్యాక్ ఉబ్బుతుంది. లోడ్‌లో సెల్‌కి 3.5 వోల్టులు నిలబడితే మొత్తం 14 వోల్టులు, 80 ఆంపియర్లు, అంటే 1120 వాట్లు. నీ పడవ స్తోమత ఇంతే. మిగతావన్నీ దీనికి లోబడి కొనాలి.

ప్యాక్ మీద వేసే ‘సి’ అంకెని (సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇస్తుందో చెప్పేది) మాత్రం సగానికి తగ్గించి చదువు. 5000 ఎంఏహెచ్, 50సి అంటే కాగితం మీద 250 ఆంపియర్లు. నిరంతరంగా అంత లాగితే ఏ ప్యాకూ బతకదు. నిజం చెప్పేది సెల్ లోపలి నిరోధం, మిల్లీఓముల్లో. మంచి ఛార్జర్లు దాన్ని సెల్ వారీగా చూపిస్తాయి. 5000 ఎంఏహెచ్ సెల్‌కి 2 నుంచి 3 మిల్లీఓములు ఉంటే రేసుకి పనికొస్తుంది. 3 అనుకుంటే 100 ఆంపియర్ల దగ్గర నాలుగు సెల్స్‌లో కలిపి 1.2 వోల్టులు లోపలే పోతాయి, 120 వాట్లు ఉత్త వేడి అవుతాయి. అదే 6 మిల్లీఓముల పాత ప్యాక్ అయితే 2.4 వోల్టులు, 240 వాట్లు. మోటార్ బాగాలేదని తిట్టుకునేవాళ్ళలో చాలామందికి అసలు జబ్బు ఇదే. ఒక సెల్ మిగతా మూడింటికంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ ప్యాక్‌ని పక్కన పెట్టెయ్. ముందుగా చచ్చేది ఆ సెల్లే.

లైపోకి చలి పడదు. మీ దగ్గర ఏప్రిల్‌లో చెరువు గట్టున 10 డిగ్రీలుంటే ప్యాక్‌ని వేడి సంచిలో పెట్టి 35 డిగ్రీలకి తెచ్చాకే పడవలో పెట్టు. మొదటి ల్యాప్‌లోనే తేడా కనిపిస్తుంది. పరుగు అయ్యాక ప్యాక్ 50 డిగ్రీల లోపు ఉంటే సంతోషం. 60 దాటిందంటే దాని ఆయుష్షు తింటున్నట్టే.

రెండు 4ఎస్ (వరసలో 4 సెల్స్ ఉన్న) ప్యాక్‌లు సమాంతరంగా కలిపి సామర్థ్యం రెట్టింపు చేసుకునేవాళ్ళు ఉన్నారు. నియమం ఒప్పుకుంటే తప్పులేదు గానీ అర కిలోకి పైగా బరువు పెరుగుతుంది, హల్ నీళ్ళలో ఇంకాస్త దిగి ఎక్కువ కరెంటు తాగుతుంది. అలా కలిపేముందు రెండిటి వోల్టేజీ సమానంగా ఉందని మీటర్ పెట్టి చూడాల్సిందే. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే కలిపిన క్షణంలోనే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వందల ఆంపియర్లు దూకుతాయి. క్యాటమరాన్ (జంట తొట్ల పడవ) కొంటే మాత్రం రెండు 2ఎస్ ప్యాక్‌లు వరసలో కలిపి చెరో పక్కన పెట్టు. అప్పుడు బరువు సమంగా పడుతుంది. ఆ రెండూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి.

ఇక మోటార్. పడవలకి ఇన్‌రన్నరే (బయటి డబ్బా కదలకుండా లోపలి రోటర్ తిరిగేది) తీసుకో. ఔట్‌రన్నర్‌లో బయటి డబ్బానే తిరుగుతుంది కాబట్టి దానికి చల్లబరిచే నీళ్ళ జాకెట్ తొడగలేం. పైగా 14 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటార్ 30,000 ఆర్‌పీఎంతో (నిమిషానికి భ్రమణాలు) తిరిగితే, బ్యాటరీ కరెంటుని మోటార్‌కి అందించే స్పీడ్ కంట్రోలర్‌కి అది, ధ్రువాల జతలు 7 కాబట్టి, 7 రెట్లు, అంటే 2,10,000 ఎలక్ట్రికల్ ఆర్‌పీఎం. చాలా కంట్రోలర్లు అక్కడ తడబడతాయి. 4 పోల్స్ ఇన్‌రన్నర్‌కి అదే వేగం దగ్గర 60,000 మాత్రమే.

సైజు అంకెలు తేలికే. 3660 అంటే 36 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవు. కొన్ని కంపెనీల లెక్క వేరు. న్యూమోటర్స్ వాళ్ళ 1515 అంటే వ్యాసం, లోపలి కోర్ పొడవు రెండూ అంగుళంన్నర తరగతి. నీ 1120 వాట్లకి 3660 సరిపోతుంది. అయినా 3674 కొనమంటాను. ఒకే కేవీకి (వోల్టుకి ఎంత వేగమో చెప్పే అంకె) పొడుగు మోటార్‌లో చుట్లు తక్కువ, తీగ లావు, నిరోధం తక్కువ. అదే పని తక్కువ వేడితో చేస్తుంది. 40 మి.మీ. వాటిని 85 సెం.మీ. దాటిన పడవలకి వదిలెయ్.

కేవీ దగ్గరే కుర్రాళ్ళు బోల్తా పడేది. కేవీ అంటే లోడ్ లేనప్పుడు వోల్టుకి ఎన్ని ఆర్‌పీఎం అని. 2000 కేవీ మోటార్ 14.8 వోల్టుల మీద 29,600. నీళ్ళలో అందులో 80 శాతం, సుమారు 23,700 నిలుస్తుంది. మొదటి రేసు పడవకి లోడ్ లేని వేగం 28,000 నుంచి 33,000 మధ్య ఉండేలా చూసుకో. అంటే 4ఎస్ మీద 1900 నుంచి 2200 కేవీ. నువ్వు పంపిన మూడో ఫోటోలోది 2600. వేగం 30 శాతం ఎక్కువే, కానీ నీళ్ళలో ప్రొపెల్లర్‌కి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 1.3ని మూడుసార్లు గుణిస్తే 2.2. అదే ప్రొపెల్లర్ పెడితే నీ 1120 వాట్లు దాదాపు 2460 అవుతాయి. ప్యాక్ దాన్ని ఒకటిన్నర నిమిషం కూడా మోయదు. ఇంకా వేగం కావాలనిపిస్తే క్యూకి, 6ఎస్‌కి వెళ్ళి కేవీ 1400 దగ్గర పెట్టు. వోల్టులు పెంచి ఆంపియర్లు తగ్గించే దారి ఎప్పుడూ చల్లగా ఉంటుంది. 1500 వాట్లకి 4ఎస్‌లో సుమారు 100 ఆంపియర్లు కావాలి, 6ఎస్‌లో 68 చాలు.

మోటార్ చేతికొచ్చాక దాని తీగలు కత్తిరించకు. కొన్నింటిలో లోపలి చుట్ల తీగే బయటికి వస్తుంది, ప్రతి పోగుకీ ఎనామెల్ పూత ఉంటుంది. కత్తిరించి టంకం వేస్తే పైకి అతుక్కున్నట్టే కనిపిస్తుంది, లోపల సగం పోగులు తగలవు. మొదటి పరుగులో తడబడి ఆగుతుంది, నువ్వేమో కంట్రోలర్‌ని అనుమానిస్తావు.

కంట్రోలర్‌కి సగటు కరెంటుకి ఒకటిన్నర రెట్లు లెక్క వెయ్. 80కి 120. మలుపు దాటి మళ్ళీ త్రాటిల్ తెరిచినప్పుడు కరెంటు సగటుకి రెట్టింపు పోతుంది కాబట్టి, డబ్బులుంటే 180 ఆంపియర్లది తీసుకో, హాబీవింగ్ సీకింగ్ లాంటి పడవల కంట్రోలర్. కార్ల కంట్రోలర్‌కి ఫ్యాను ఉంటుంది, నీళ్ళ గొట్టం ఉండదు. కటాఫ్ (బ్యాటరీ మరీ దిగకుండా మోటార్‌ని ఆపే హద్దు) సెల్‌కి 3.2 వోల్టుల దగ్గర పెట్టు, టైమింగ్ (చుట్లకి కరెంటు ఎంత ముందుగా అందాలనే సెట్టింగు) తక్కువలో మొదలుపెట్టు.

తీగలు పొడిగించాల్సి వస్తే మోటార్ వైపు పొడిగించు, బ్యాటరీ వైపు వద్దు. బ్యాటరీ తీగలు పొడుగైన కొద్దీ వోల్టేజీ అలలు పెరిగి కంట్రోలర్ కెపాసిటర్లు వేడెక్కి పగులుతాయి. కనెక్టర్లలో ఎక్స్‌టీ60 రకం దీనికి చాలదు. 5.5 మి.మీ. బుల్లెట్ కనెక్టర్లు వెయ్. పైకప్పు తీయకుండా బయటినుంచే కరెంటు తెగగొట్టే సేఫ్టీ లూప్ ఒకటి పెట్టు. ప్రొపెల్లర్ వేళ్ళు తెగ్గోసేంత బలంగా తిరుగుతుంది, రేడియో సిగ్నల్ ఎప్పుడు తప్పుతుందో తెలీదు.

ప్రొపెల్లర్‌కి ఆక్టురా కంపెనీ ఎక్స్440తో మొదలుపెట్టు. చివరి రెండంకెలు వ్యాసం మిల్లీమీటర్లలో, ముందున్న 4 అంటే పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం) వ్యాసానికి 1.4 రెట్లు. ఎక్స్442 అయితే పిచ్ 58.8 మి.మీ. నిమిషానికి 23,700 సార్లు తిరిగితే గంటకి దాదాపు 84 కిలోమీటర్లు, జారుడుకి 15 శాతం తీసేస్తే 70 చిల్లర. 40 నుంచి 42కి మారడం 2 మి.మీ. తేడాయే కదా అనుకోకు. శక్తి వ్యాసం అయిదో ఘాతంతో పెరుగుతుంది, ఆ కాస్త తేడాకే సుమారు 28 శాతం ఎక్కువ లాగుతుంది. కొత్త ప్రొపెల్లర్ అంచులు మొద్దుగా ఉంటాయి. వాటిని పదును పెట్టి బ్యాలెన్స్ చేయాలి. అది బెరీలియం కాపర్ కాబట్టి నీళ్ళు పోస్తూ తడి సాండ్‌పేపర్‌తోనే రుద్దు. పొడి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. ఫ్లెక్స్ షాఫ్ట్ (మోటార్‌ని ప్రొపెల్లర్‌కి కలిపే వంగే కేబుల్) చివర ప్రొపెల్లర్‌కి ముందుండే డ్రైవ్ డాగ్ అనే బిళ్ళకి, షాఫ్ట్‌ని పట్టి ఉంచే స్ట్రట్‌కి మధ్య 3 నుంచి 5 మి.మీ. సందు వదులు. లోడ్ పడినప్పుడు కేబుల్ మెలిపడి పొట్టిదవుతుంది. సందు లేకపోతే స్ట్రట్‌కి బిగుసుకుని మోటార్‌కి లేనిపోని భారం అవుతుంది.

మొదటిరోజు ఇలా చెయ్. 30 సెకన్లు నడిపి ఒడ్డుకి తెచ్చి మోటార్, కంట్రోలర్, ప్యాక్, కనెక్టర్లు అన్నీ ముట్టుకుని చూడు. గన్ థర్మామీటర్ ఉంటే మోటార్ మీద నల్ల టేపు ముక్క అంటించి అక్కడ కొలువు, మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది. తర్వాత ఒక నిమిషం, ఆపైన రెండు నిమిషాలు. రెండు నిమిషాల పరుగు తర్వాత ఛార్జర్ 2400 ఎంఏహెచ్ లోపలికి పంపితే నీ సగటు 72 ఆంపియర్లు. ఎలాంటి మీటరూ అక్కర్లేదు. 2700 దాటితే ప్రొపెల్లర్ తగ్గించు, 2000 లోపుంటే ఒక సైజు పెంచుకోవచ్చు. మోటార్ పై డబ్బా 70 డిగ్రీల లోపు ఉండాలి. లోపలి అయస్కాంతం అంతకంటే వేడిగా ఉంటుంది. ఒకసారి బలం తగ్గిందంటే చల్లారినా తిరిగి రాదు. కేవీ పెరిగినట్టు అనిపిస్తుంది, కరెంటు పెరుగుతుంది, లాగే శక్తి తగ్గుతుంది.

మోటార్ చల్లగా ఉండి కంట్రోలర్ ఒక్కటే కాలుతుంటే, దానికి వెళ్ళే గొట్టంలో నీళ్ళు సరిగా వస్తున్నాయో లేదో ముందు చూడు. రెండిటికీ ఒకే గొట్టమైతే నీళ్ళు ముందు కంట్రోలర్‌కి వెళ్ళాలి. వీలైతే విడివిడి గొట్టాలు వెయ్. కనెక్టర్ ఒక్కటే కాలితే టంకం సరిగా పట్టలేదు.

పడవ ముక్కు ఊగుతూ లేస్తుంటే బ్యాటరీని ఒక సెంటీమీటర్ ముందుకి జరుపు. మోనోకి బరువు కేంద్రం వెనక చెక్క నుంచి పొడవులో 30 శాతం దగ్గర ఉండాలి. హల్ లోపల ఫోమ్ ముక్కలు కుక్కడం మర్చిపోకు. తిరగబడితే తేలుతుంది.

ఛార్జ్ 5000 ప్యాక్‌కి 5 ఆంపియర్లతోనే, దగ్గరే ఉండి చెయ్. వారం పైన వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచు. సంక్రాంతికి ఇంటికి తెచ్చేట్టయితే 4ఎస్ 5000 ప్యాక్ 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి చేతి సంచిలో, కొసలకి టేపు చుట్టి తెచ్చుకోవచ్చు. చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు. 6ఎస్ 111 అవుతుంది, దానికి విమాన సంస్థ అనుమతి ముందే అడగాలి. ఇక్కడి చెరువుల్లో నాచూ, గుర్రపుడెక్కా ఎక్కువ. చుక్కాని దగ్గరి నీళ్ళ రంధ్రం మూసుకుపోతుంది, ప్రతి పరుగుకీ గొట్టం ఊది చూసుకోవాలి. నీళ్ళు కూడా మీ దగ్గరకంటే వెచ్చన కనుక ఇక్కడికి 2 మి.మీ. చిన్న ప్రొపెల్లర్ కూడా పెట్టుకు రా.

మొదటి పరుగయ్యాక ఎన్ని సెకన్లు నడిపావో, ఛార్జర్ ఎంత ఎంఏహెచ్ పోసిందో, మోటార్ ఎన్ని డిగ్రీలు చూపించిందో రాసి పంపు. ప్రొపెల్లర్ మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య