కార్డు బాకీ సెటిల్ చేసుకున్నాం, ఇంటి లోన్ వస్తుందా?

ప్రశ్న: కోవిడ్ టైమ్‌లో నాకు ఏడు నెలలు జీతం రాలేదు. క్రెడిట్ కార్డు బాకీ 1,86,000 అయింది. 2021 నవంబరులో బ్యాంకుతో మాట్లాడుకుని, మూడు వాయిదాల్లో 85,000 కట్టి సెటిల్ చేసుకున్నాను. ఇప్పుడు నా జీతం 62,000, మా ఆవిడది 28,000. సిబిల్ స్కోరు 712. విజయవాడ కానూరులో 48 లక్షల ఫ్లాటు చూశాం. బిల్డర్ ఈ వారంలోనే 2 లక్షలు అడ్వాన్సు ఇమ్మంటున్నాడు. హోమ్ లోన్ వస్తుందా? లోన్ మా ఆవిడ పేరు మీద పెట్టమని బావమరిది సలహా.

జవాబు: ముందు ఒక మాట. ఆ 2 లక్షలు ఈ వారం ఇవ్వకండి.

712 మరీ తీసిపారేసే స్కోరేమీ కాదు. కానీ లోన్ ఆఫీసరు స్కోరు దగ్గరే ఆగడు, సిబిల్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర) మొత్తం కిందిదాకా చదువుతాడు. మీరూ తెరిచి ఆ పాత కార్డు వరుస చూడండి. స్టేటస్ దగ్గర 'సెటిల్డ్' అని, వదిలేసిన మొత్తం దగ్గర 1,01,000 అని ఉంటుంది. మీ లెక్కలో బాకీ తీరిపోయింది. వాళ్ల లెక్కలో మాత్రం మీరు లక్షా వెయ్యి ఎగ్గొట్టారు. మాట కటువుగానే ఉంది, కానీ అక్కడ చదివేది అలాగే. చాలా బ్యాంకులు ఆ ఒక్క పదం దగ్గరే ఫైలు పక్కన పెట్టేస్తాయి. రిపోర్టులో వివరాలు కనీసం ఏడేళ్లు ఉంచుతారు కాబట్టి, దానంతటదే పోతుందని ఊరుకుంటే లాభం లేదు.

నా సలహా: ఆ 1,01,000 ఇప్పుడు కట్టేయండి. చట్టప్రకారం కట్టాల్సిన పని లేదు, నిజమే. అయినా ఈ లెక్క చూడండి. 38 లక్షల లోన్, 20 ఏళ్లు. వడ్డీ 8.5 శాతమైతే ఈఎంఐ దాదాపు 33,000. 'సెటిల్డ్' ఉన్నా ఇస్తామని ముందుకొచ్చే ఫైనాన్స్ కంపెనీ 10.5 శాతం వేసిందనుకోండి, దాదాపు 38,000. నెలకు 5,000 తేడా. 20 ఏళ్లకు 12 లక్షల దాకా అవుతుంది.

కట్టే ముందు బ్యాంకుకు వెళ్లి, ఈ మొత్తం కడితే ఖాతాను 'క్లోజ్డ్'గా మారుస్తామని లెటర్ తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాట చెల్లదు. మధ్యలో ఆ బాకీని వేరే రికవరీ కంపెనీకి అమ్మేసి ఉంటే, లెటర్ ఆ కంపెనీ నుంచే రావాలి. డబ్బు ఖాతాకే పంపండి, ఏజెంటు ఫోన్ నంబరుకు కాదు. కట్టాక, ఇక బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. రిపోర్టు మారకపోతే సిబిల్‌కు, బ్యాంకుకు ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. 'సిబిల్ క్లీన్ చేస్తాం, పదివేలివ్వండి' అనేవాళ్ల జోలికి మాత్రం పోకండి. మీరు ఉచితంగా పెట్టుకోగల ఫిర్యాదునే వాళ్లూ పెడతారు.

ఈలోగా 30,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకోండి. పాలు, పెట్రోలు లాంటివాటికి వాడి, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేయండి. ఓ ఆరు నెలలు, వీలైతే ఏడాది ఇలా నడిపాక లోన్‌కు వెళ్లండి. ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో అప్లై చేయొద్దు, ప్రతి ఎంక్వైరీ రిపోర్టులోకి ఎక్కుతుంది. సెటిల్ చేసుకున్న బ్యాంకుకే మళ్లీ వెళ్లడమూ అనవసరం. సిబిల్‌లో ఏమున్నా, వాళ్ల సొంత రికార్డులో మీ కథ అలాగే ఉంటుంది.

బావమరిది సలహా తప్పేం కాదు, మీ ఆవిడ జీతమే చాలదు. 28,000లో సగం ఈఎంఐకి పోయినా వచ్చే లోన్ 16 లక్షలు. అది పెంచాలంటే కో-అప్లికెంట్‌గా మీరు చేరాలి. చేరితే మీ రిపోర్టూ తీస్తారు.

లక్ష తీస్తే చేతి డబ్బు తగ్గుతుందన్న బెంగ సహజమే. లోన్ 30 లక్షలు దాటితే ఫ్లాటు విలువలో 80 శాతమే ఇస్తారు. అంటే 9.6 లక్షలు మీరే పెట్టుకోవాలి, పైన రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, ఇంకో 3.6 లక్షలు. ఇవి ఇప్పుడు చేతిలో లేకపోతే ఆ ఏడాది ఆగడం ఇందుకూ పనికొస్తుంది.

ఆ ఫ్లాటే కావాలని ఇంట్లో పట్టుబడితే, లోన్ రాకపోతే అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తానని అగ్రిమెంటులో రాయమని బిల్డర్‌ను అడగండి. రాయనంటే ఆ ఫ్లాటు వదిలేయండి, కానూరులో అదొక్కటే లేదు.