సెలక్షన్ నోటీసు దాకా ఆగకు

చి. అమ్మలుకు,

అత్త ఆశీస్సులు. కాలేజీలో ఆటలు నేర్పే పీడీగా చేరిన రెండో నెలకే ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కడతానని ఫోన్లో చెప్పావు. ఆ సంతోషంలో ఏదేదో అనేశాను గానీ, ఫోన్ పెట్టేశాక అసలు చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముప్పై ఏళ్లు మెడలో విజిల్ వేసుకుని తిరిగినదాన్ని, ఊరుకోలేను కదా. కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు నా పరువు తీసిన కథ విను. ఒక ఏడాది ఓ యూనివర్సిటీ ఆడపిల్లల జట్టుకి మేనేజరుగా సౌత్ జోన్ పోటీలకి వెళ్లాను. కాగితం మీద పది రోజుల కోచింగ్ క్యాంపు, గ్రౌండ్‌లో జరిగింది నాలుగు రోజులు. జట్టులో ఒకరి పేరు ఒకరికి తెలిసింది రైల్లోనే. గోల్‌కీపరు కబడ్డీ పిల్ల. అక్కడ గోల్‌పోస్టు కింద నిలబడి, తలెత్తి చూసి, "ఇంత పెద్దదాండీ?" అంది. పాపం, మా దగ్గర రెండు సరుగుడు కర్రలు పాతి ఆడించాం మరి. అసలు పోస్టు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. తొమ్మిది గోల్స్ పడ్డాయి. నాకౌట్ కదా, ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాం. రానూపోనూ మూడు రోజులు రైల్లో, గ్రౌండ్‌లో తొంభై నిమిషాలు.

ఎదుటి పిల్లలు మనవాళ్ల కన్నా పొడుగేం కాదు, బలమేం కాదు. కానీ ఒకరి వంక ఒకరు చూసుకోకుండానే బంతి అందించుకుంటున్నారు. మూడేళ్లుగా వీళ్లంతా కలిసే ఆడుతున్నారని తర్వాత వాళ్ల కోచ్ చెప్పాడు. అమ్మలూ, నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటే. సెలక్షన్ నోటీసు వచ్చాక జట్టు కట్టకు. ఏడాది పొడుగునా ఆడే క్లబ్బు కట్టు. సెలక్షన్‌కి అందులోంచే పంపు.

పైన ఎన్ని మెట్లున్నాయో పిల్లలకి మొదటి వారమే బోర్డు మీద గీసి చూపించు. తెలియని దాని కోసం ఎవరూ పొద్దున్నే లేవరు. కాలేజీ నుంచి ఇంటర్ కాలేజియేట్, అక్కడ కళ్లలో పడితే యూనివర్సిటీ జట్టు. ఆ పైన భారత విశ్వవిద్యాలయాల సంఘం పెట్టే సౌత్ జోన్. అందులో మనతోపాటు తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి ఉంటాయి. జోన్‌లో మొదటి నాలుగు జట్లు ఆల్ ఇండియాకి వెళ్తాయి. అక్కడ మొదటి ఎనిమిదిలో ఉంటే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్, 2020లో భువనేశ్వర్‌లో మొదలుపెట్టారే, అవి.

ఇది చదువుకునే పిల్లల దారి. క్లబ్బుల దారి వేరే ఉంది, ఇండియన్ ఉమెన్స్ లీగ్. 2016-17లో మొదలైంది. మొదట్లో జట్లన్నీ ఒకచోట చేరి కొన్ని వారాల్లో ముగించేసేవి. 2023-24లో సొంత ఊళ్లో ఒక మ్యాచ్, ఎదుటివాళ్ల ఊళ్లో ఒక మ్యాచ్ పద్ధతి పెట్టారు. కింద రెండో డివిజన్ కూడా వచ్చింది. ఈ రెండు దారులూ ఎక్కడా కలవవని మనవాళ్లు అనుకుంటారు. కలుస్తాయి. 2018-19లో లీగ్ గెలిచిన సేతు ఎఫ్‌సీ మధురై వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీ అండతో పెరిగిన క్లబ్బే. అంతకు ముందు ఏడాది గెలిచిన రైజింగ్ స్టూడెంట్ క్లబ్బు కటక్‌ది, పేరులోనే స్టూడెంట్ ఉంది చూడు.

మన భాష మాట్లాడే పిల్ల కావాలంటే గుగులోత్ సౌమ్య ఉంది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టి, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లొచ్చింది. మన దేశ జట్టు 2025 జులైలో థాయిలాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ మ్యాచ్ గోల్స్ ఫోన్లో చూపించు. నువ్వు గంట చెప్పినా రాని ఊపు రెండు నిమిషాల్లో వస్తుంది.

ఇక ఇళ్ల సంగతి. నీకు అసలు మ్యాచ్ జరిగేది అక్కడే.

మన గోదావరి జిల్లాల తండ్రులు మొహం మీద కాదనరు. "ఆయ్, చూద్దామండి" అంటారు. ఆ "ఆయ్" అవుననుకుని నేను మొదటి ఏడాది మోసపోయాను. మర్నాటి నుంచి పిల్ల ప్రాక్టీసుకి రాదు, అడిగితే కడుపునొప్పి అంటుంది. అందుకని ఫోన్లో అడగకు. ఇంటికి వెళ్లు, టీ ఇస్తే తాగు, తల్లి ఉన్నప్పుడే మాట్లాడు. తండ్రిని పీడించేవి మూడు: చీకటి పడేసరికి పిల్ల ఇంట్లో ఉంటుందా, ఊరు దాటితే పక్కన ఎవరుంటారు, దీనివల్ల ఒరిగేదేంటి. మొదటి రెండింటికీ నువ్వే జవాబు. పై ఊరికి తీసుకెళ్లినప్పుడు ప్రతి రాత్రీ ఎనిమిదింటికి ప్రతి పిల్లచేతా నీ ఎదురుగానే ఇంటికి ఫోన్ చేయించు. మూడోదానికి కాగితం చూపించు. ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి ఫామ్-3 అని ఒక సర్టిఫికెట్ ఉంటుంది. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటాకి 3 శాతం పోస్టులు కేటాయించారు. ఉమెన్స్ లీగ్ క్లబ్బులు కనీసం పదిమంది మన దేశపు ఆటగత్తెలకి ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో ప్రకటించింది. ఇవి చెప్పు, కానీ ఉద్యోగం ఖాయమని మాత్రం ఎవరికీ మాటివ్వకు. అలా మాటిచ్చి తర్వాత సంతలో ఎదురుపడలేక పక్క సందులోకి తిరిగిన పీడీలని ఎరుగుదును.

ఇంకో సంగతి. నా దగ్గర ఒక పిల్ల రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేది. నేను రౌండ్లు కొట్టించేదాన్ని. నెల తర్వాత తెలిసింది, తల్లి కువైట్‌లో పనికి వెళ్లింది, ఇద్దరు తమ్ముళ్లకి అన్నం వండి, క్యారేజీలు కట్టి వస్తోంది. ఆ రోజు ఇంటికెళ్లి నాకు అన్నం సయించలేదు. మర్నాటి నుంచి ప్రాక్టీసే అరగంట ఆలస్యంగా మొదలెట్టాను. కోనసీమలో అలాంటి ఇళ్లు నీకూ తగులుతాయి. శిక్ష వేసే ముందు ఒకసారి ఇంటి గుమ్మం చూసిరా. బస్సులు కూడా అంతే. లంక ఊళ్ల పిల్లలు రేవులో ఏరు దాటించే పంటు అందుకోవాలి, ఆఖరి ట్రిప్పు ఎప్పుడో కనుక్కో. నీ టైమ్‌టేబుల్ రాసేది నువ్వు కాదు, బస్సూ పంటూ రాస్తాయి.

గ్రౌండు. కొబ్బరితోటల మధ్య వంద మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది చెప్పు? దొరకలేదని దిగులుపడకు. ఏడుగురేసి చొప్పున అరవై మీటర్ల పొడుగులో ఆడించు, బంతి ఎక్కువసార్లు కాలికి తగులుతుంది, కొత్తవాళ్లకి అదే మేలు. గోల్‌పోస్టులు మాత్రం అసలు కొలతలతోనే పెట్టించు. నా కీపరు మాట గుర్తుంచుకో.

వానాకాలం మన బంకమట్టి స్టడ్స్ కింద, అదే ఫుట్‌బాల్ బూట్ల కింద, అరిసెలా అంటుకుంటుంది. అడుగు తీసి అడుగు వేయలేరు. ఆ రోజుల్లో వరండాలో బంతి కంట్రోలు, గోడకి కొట్టి ఆపడం, రూల్స్ చెప్పడం పెట్టుకో. ఆఫ్‌సైడ్ నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు, గచ్చు మీద సుద్దముక్కతో గీసి, పిల్లల్నే నిలబెట్టి జరుపు. తడిసిన స్టడ్స్‌లో పాత పేపర్లు ఉండలు చుట్టి కూరమను. పొయ్యి దగ్గర ఆరబెడితే అడుగు ఊడిపోతుంది. కొనేటప్పుడు పొట్టి రబ్బరు స్టడ్స్ చాలు. పొదుపని ఒక సైజు పెద్దవి కొని రెండు జతల మేజోళ్లు వేస్తారు, ఒప్పుకోకు.

రెండో పంట దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో, చేలన్నీ ఖాళీగా ఉంటాయి. అప్పుడే నీ క్లబ్బు నిలబడుతుందో లేదో తేలేది. కాలేజీ సెలవులు, పిల్లలు ఊళ్లలో ఉంటారు, ఎవరూ పిలవరు. నువ్వే రెండు మూడు ఊళ్లకి ఒక చేను చూసుకుని, రైతుని అడిగి, తెల్లారి అయిదున్నరకి ఆడించు. ఎండెక్కేలోగా వదిలెయ్యి. ఆ చేలో మోళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటాయి, నెర్రెల్లో కాలు పడితే చీలమండ మడత పడుతుంది. ముందు రోజు నువ్వే నడిచి చూసి పెద్ద నెర్రెల్లో ఇసుక పోయించు. పరుగుకి ఇసుక తిన్నెలు బాగుంటాయి. కానీ ఆట అయ్యాక ఒక్కరిని కూడా గోదాట్లో దిగనివ్వకు. నీళ్లు కదలనట్టే ఉంటాయి, కింద గోతులు. ఈ విషయంలో నువ్వు చెడ్డదానివైనా పర్వాలేదు.

ఫుట్‌బాల్ ఆడినవాళ్లు మొదట దొరకరు. పక్క ఆటల నుంచి లాగాలి, ఎవరిని ఎక్కడ పెట్టాలో మాత్రం చూసుకో. ఖోఖో పిల్ల ఒంటికాలి మీద తిరిగేస్తుంది, అంచున పరిగెత్తించు. కబడ్డీ డిఫెండరుకి నేల మీద పట్టుంటుంది, వెనక నిలబెట్టు. కాకపోతే చేత్తో జెర్సీ పట్టుకోవడం మాన్పించాలి, మా ఇద్దరు పిల్లలకి దానికే ఎల్లో కార్డులు పడ్డాయి. వాలీబాల్ పిల్లని కీపరుగా పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. పొడుగు సరే, ఆ పిల్లకి బంతిని చరవడం అలవాటు, పొట్టకి హత్తుకుని పట్టుకోవడం కాదు. ఆరు నెలలు పట్టించు. పక్కకి పడటం వరిగడ్డి పరిచి నేర్పు. భయం పోయాక గడ్డి తీసెయ్యి.

ఒంటి విషయాలు సిగ్గుపడకుండా మాట్లాడు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. నీ పిల్లల్లో సగం మంది రెండో హాఫ్‌లో ఆయాసపడుతుంటే అది బద్ధకం కాదు. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించు, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారో లేదో కనుక్కో. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దను, ఒంటికి ఐరన్ పట్టదు. మునగాకు, తోటకూర మన పెరట్లోవే, పప్పుండలు మన వంటింట్లోవే. హాఫ్‌టైమ్‌కి కూల్‌డ్రింకు కొనకు, కొబ్బరి బొండాలు దొరికే సీమలో అదేం ఖర్చు!

మోకాళ్లు జాగ్రత్త. మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో చాలా ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, వీడియోలు ఉచితంగానే దొరుకుతాయి. దాన్ని ఒక్కరోజు కూడా మానకు. ఎగిరి దిగేటప్పుడు పిల్లకి ఎదురుగా నిలబడి చూడు. మోకాళ్లు రెండూ లోపలికి వాలిపోతుంటే అక్కడే ఆపి సరిచెయ్యి. నిక్కర్లు ముదురు రంగు కుట్టించు, తెలుపు వద్దు. ఇంగ్లండ్ ఆడవాళ్ల జట్టే 2023లో తెలుపు మానేసి నీలానికి మారింది. నా రోజుల్లో ఒక మంచి ఫార్వర్డు నెలకి నాలుగు రోజులు మాయమైపోయేది. కారణం తెల్ల నిక్కరని నాకు తట్టడానికి ఏడాది పట్టింది, ఆడదాన్నై ఉండి.

కాగితాల గురించి గట్టిగా చెబుతున్నాను. ఇంటర్ యూనివర్సిటీకి జులై 1 నాటికి 25 ఏళ్లు నిండకూడదు, రెగ్యులర్‌గా చదువుతూ ఉండాలి. జట్టులో చేరిన రోజే ప్రతి పిల్లదీ టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్ జిరాక్సు తీసుకుని పక్కపక్కన పెట్టి చదువు. మనకి ఇంటిపేరుతోనే తంటా. మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో వెనక పొడి అక్షరం ఉంటుంది. నేను చెప్పానే, ఆ తొమ్మిది గోల్స్ మ్యాచ్, అందులో మా ఇద్దరు మంచి పిల్లలు దీనివల్లే ట్రాక్‌సూట్లలో బెంచీ మీద కూర్చుండిపోయారు. అందులో ఒకత్తి ప్రతి గోలుకీ నా వైపు చూసేది. రాష్ట్ర పోటీల్లో క్లబ్బుగా ఆడించాలంటే ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే ఫుట్‌బాల్ సమాఖ్య సీఆర్‌ఎస్‌లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ కావాలి. దానికీ ఇవే కాగితాలు.

మొదటి ఏడాది ఓడిపోతారు. ప్రిన్సిపాల్‌గారికి ముందే చెప్పిపెట్టు, కప్పు అడగొద్దని. ఫైనలియర్ పిల్లలు వెళ్లిపోయే ముందు ఒక్కొక్కరికీ ఒక ఫస్టియర్ పిల్లని అప్పజెప్పు. అలా చెయ్యకపోతే ప్రతి జూన్‌లోనూ మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాల్సిందే. పెళ్లయ్యాక కూడా ఎవరైనా వస్తానంటే రానివ్వు. మా పిల్ల ఒకతి చంటిబిడ్డని గట్టున తల్లికిచ్చి రెండేళ్లు లైన్ రిఫరీగా జెండా పట్టుకుంది.

అటక మీద నా పాత నెట్లు రెండున్నాయి, ఒకదానికి ఎలకలు కొట్టిన చిల్లి ఉంది గానీ నైలాన్ తాడుతో అల్లేశాను. ఆదివారం రావులపాలెం బస్సులో వేస్తాను, బస్సు నంబరు ఫోన్లో చెబుతాను, డ్రైవరు దగ్గర తీసుకో. మూటలో బంతి పంపూ, నాలుగు సూదులూ పెట్టాను. సూది ఎక్కించేటప్పుడు తడిచెయ్యడం మర్చిపోకు, పొడిగా గుచ్చితే బ్లాడరు పోతుంది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ప్రేమతో,
అత్త